రిమోట్ డేటాబేస్ సర్వర్ వెర్షన్: ఒకే సర్వర్, నాలుగు నంబర్లు. ఏది నమ్మాలి?

టేబుల్‌స్కాన్
రిమోట్‌లో ఉన్న డేటాబేస్ సర్వర్ ఏ వెర్షన్‌లో నడుస్తోందో తేల్చాలి. అప్‌గ్రేడ్ ప్లాన్‌లో మొదటి గడి అదే, పని అక్కడే ఆగింది. నా చేతిలో ఉన్నవి హోస్ట్ అడ్రస్, చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్, మధ్యలో ఒక జంప్ హోస్ట్ (సర్వర్‌ని చేరడానికి ముందు దాటాల్సిన మెషిన్). సర్వర్ మెషిన్‌లోకి నాకు ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ మెషిన్‌లోకి లాగిన్ అయ్యే దారి) లేదు.

ఇప్పటిదాకా దొరికిన నంబర్లు:
పాత డాక్యుమెంట్: మైఎస్‌క్యూఎల్ 5.7
ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ --వెర్షన్: వెర్ 15.1 డిస్ట్రిబ్ 10.5.23-మరియాడీబీ
జంప్ హోస్ట్ గుండా టనెల్ (ఇక్కడి పోర్టు 3307, అక్కడి పోర్టు 3306) పెట్టి లాగిన్ అయ్యాక సెలెక్ట్ వెర్షన్(): 10.5.23-మరియాడీబీ
జంప్ హోస్ట్ మీద నెట్‌క్యాట్ (పోర్టుకి కనెక్ట్ అయి, వచ్చిన బైట్లు చూపే టూల్): 5.5.5-10.4.32-మరియాడీబీ-లాగ్

ఒకదానికొకటి పొంతన లేదు. (మరియాడీబీ అంటే మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన డేటాబేస్.)

స్టార్‌సెలెక్ట్
లాగిన్ అయ్యారు, సెలెక్ట్ వెర్షన్() అడిగారు, 10.5.23 అంది. సర్వర్ తన నోటితో తానే చెప్పాక ఇంక డౌటేంటి? టాపిక్ మూసేయొచ్చు.

పాతటర్మినల్
అంత తొందరొద్దు. రెండో నంబరూ మూడో నంబరూ పక్కపక్కన పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ ప్యాకేజీ 10.5.23, ఎక్కడో ఉన్న సర్వర్ కూడా చివరి అంకెతో సహా 10.5.23. కావచ్చు, కానీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. టనెల్‌లోంచి లాగిన్ అయిన కమాండ్ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి.

ఈలోగా 15.1 సంగతి. అది సర్వర్ వెర్షనూ కాదు, మరియాడీబీ వెర్షనూ కాదు. కమాండ్‌లైన్ క్లయింట్ ప్రోగ్రామ్‌కి విడిగా ఉన్న నంబర్. డిస్ట్రిబ్ పక్కనున్నది ఆ క్లయింట్ ఏ ప్యాకేజీతో వచ్చిందో చెబుతుంది. --వెర్షన్ అసలు నెట్‌వర్క్ జోలికే పోదు, కేబుల్ పీకేసి కొట్టినా అదే జవాబు.

టేబుల్‌స్కాన్
మైఎస్‌క్యూఎల్ -హెచ్ లోకల్‌హోస్ట్ -పీ 3307 -యూ రిపోర్ట్ -పీ

మొదటి పీ పెద్దది, పోర్టు కోసం. రెండోది చిన్నది, పాస్‌వర్డ్ కోసం. తెలుగులో రాస్తే రెండూ కవలలయ్యాయి.

నల్‌విలువ
రేపు ఎవరో ఒకరు ఇక్కడి కమాండ్‌ని తెలుగులోనే పేస్ట్ చేసి "రన్ అవట్లేదు" అని ఇంకో టాపిక్ తెరుస్తారు, రాసిపెట్టుకోండి.

పాతటర్మినల్
అనుకున్నదే, లోకల్‌హోస్ట్ దగ్గర పప్పులో కాలేశారు. లినక్స్‌లో ఆ పదం కనిపిస్తే ఈ క్లయింట్ టీసీపీ (నెట్‌వర్క్ దారి) జోలికి పోకుండా నేరుగా యూనిక్స్ సాకెట్ ఫైల్ (ఒకే మెషిన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) తెరుస్తుంది. 3307 అని మీరిచ్చిన పోర్టును చడీచప్పుడు లేకుండా పక్కన పడేస్తుంది. ఒక్క వార్నింగ్ కూడా రాదు. మీరు మాట్లాడింది ల్యాప్‌టాప్‌లోనే ఉన్న సర్వర్‌తో. టనెల్ పాపం ఖాళీగా కూర్చుంది.

-హెచ్ 127.0.0.1 అని ఇవ్వండి. లేదా --ప్రోటోకాల్=టీసీపీ చేర్చండి. లోపలికి వెళ్ళగానే మొదట స్టేటస్ అని కొట్టి, కనెక్షన్ అనే వరస చూడండి. "లోకల్‌హోస్ట్ వయా యూనిక్స్ సాకెట్" అని ఉంటే ఇంట్లోనే ఉన్నారు. "127.0.0.1 వయా టీసీపీ/ఐపీ" అని ఉంటే గుమ్మం దాటారు. సర్వర్ వెర్షన్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది.

స్టార్‌సెలెక్ట్
ఒప్పుకోను. లోకల్ సర్వర్‌కే వెళ్ళుంటే రిమోట్ యూజర్ పాస్‌వర్డ్ అక్కడ పని చేయకూడదు కదా? యాక్సెస్ డినైడ్ రావాలి. ఇంకోటి, ఇప్పుడే నా మెషిన్‌లో -హెచ్ లోకల్‌హోస్ట్ ఇచ్చి వేరే పోర్టు పెట్టి చూశాను. చక్కగా టీసీపీలోనే వెళ్ళింది.

పాతటర్మినల్
మీ క్లయింట్ మరియాడీబీ 10.6 గానీ ఆ తర్వాతది గానీ అయ్యుంటుంది. 10.6.1 నుంచి దీన్ని మార్చారు, కమాండ్‌లైన్‌లో పోర్టు విడిగా ఇస్తే లోకల్‌హోస్ట్ అన్నా టీసీపీయే వాడుతుంది. ఆయనది 10.5.23, పాత పద్ధతి. మైఎస్‌క్యూఎల్ వాళ్ళ క్లయింట్ అయితే ఇప్పటికీ సాకెట్ దగ్గరికే పోతుంది. అందుకే అదే కమాండ్ ఒకరి దగ్గర ఒకలా, ఇంకొకరి దగ్గర ఇంకోలా నడుస్తుంది. 127.0.0.1 అంటే ఎవరి దగ్గరైనా గొడవ లేదు.

పాస్‌వర్డ్ సంగతి మాత్రం మంచి ప్రశ్న. టేబుల్‌స్కాన్ గారే చెప్పాలి.

టేబుల్‌స్కాన్
చెబుతాను, తిట్టకండి. ల్యాప్‌టాప్‌లో డెవలప్‌మెంట్ కాపీ ఉంది. కాన్ఫిగ్ మార్చే పని లేకుండా దానికీ అదే యూజర్, అదే పాస్‌వర్డ్ పెట్టాం.

నల్‌విలువ
😂 తాళం చెవి ఒకటే, ఇళ్ళు రెండు.

ముడిప్యాకెట్
నాలుగో నంబర్ మీద ఎవరూ మాట్లాడలేదు. సర్వర్ దాకా నిజంగా వెళ్ళింది అదొక్కటే.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ రెండింటిలోనూ టీసీపీ కనెక్షన్ తెరవగానే ముందు నోరు విప్పేది సర్వరే. యూజర్ పేరు అడగకముందే పలకరింపు ప్యాకెట్ పంపుతుంది, వెర్షన్ అందులోనే ఉంటుంది. మొదటి 3 బైట్లు పొడవు, 4వది వరస నంబర్, 5వది ప్రోటోకాల్ నంబర్, అది 10. దాని వెనకే వెర్షన్ స్ట్రింగ్, చివర సున్నా బైట్. 10 అంటే ఆస్కీలో కొత్త లైన్ కదా, అందుకే నెట్‌క్యాట్‌లో పైన ఒంటరిగా ఒక పిచ్చి అక్షరం (అది పొడవు బైట్), కింద లైన్లో వెర్షన్ కనిపిస్తాయి. ఆ తర్వాత వచ్చే చెత్తలో ఉండేది సాల్ట్ (పాస్‌వర్డ్ సరిచూడటానికి వాడే యాదృచ్ఛిక బైట్లు), చివర్లో పాస్‌వర్డ్ ప్లగిన్ పేరు.

5.5.5- అనేది దొంగ తోక. తోకేంటి, ముందుంది కాబట్టి దొంగ తొండం. మరియాడీబీ 10.0కి వెళ్ళినప్పుడు రెప్లికేషన్‌లో (ఒక సర్వర్ డేటాను ఇంకోటి కాపీ చేసుకోవడంలో) చిక్కొచ్చింది. పాత మైఎస్‌క్యూఎల్ రెప్లికాలు వెర్షన్‌లో మొదటి అంకె మాత్రమే చూసేవి. 10లో 1 చూసి, ఇదేదో అతి పాత సర్వర్ అనుకుని ఆగిపోయేవి. వాటిని ఏమార్చడానికి ముందు 5.5.5- తగిలించారు. 11.0 నుంచి తీసేశారు. మరియాడీబీ క్లయింట్ లైబ్రరీలు దాన్ని తీసేసి చూపిస్తాయి, ముడి బైట్లు చూసేవాళ్ళకి మాత్రం కనిపిస్తుంది. స్ట్రింగ్‌ని చుక్కల దగ్గర విరిచి మొదటి అంకె తీసుకునే స్క్రిప్టులకి ఇదొక గుంట: 10.4 సర్వర్‌ని 5.5 అని రిపోర్టులో రాసేస్తాయి.

చివరనున్న -లాగ్ కూడా వెర్షన్‌లో భాగం కాదు. బైనరీ లాగో, జనరల్ లాగో ఆన్‌లో ఉందని గుర్తు.

కాబట్టి మీది 10.4.32. నా ఓటు దానికే.

రాత్రిషిఫ్ట్
@ముడిప్యాకెట్ ఓటు ఇప్పుడే వద్దు. మధ్యలో ప్రాక్సీ (కనెక్షన్లను సర్వర్‌కి అందించే మధ్యవర్తి ప్రోగ్రామ్) ఉంటే పలకరించేది ప్రాక్సీయే, సర్వర్ కాదు. ప్రాక్సీఎస్‌క్యూఎల్ తన కాన్ఫిగ్‌లో సర్వర్_వెర్షన్ అని ఏం రాసుందో అదే చెబుతుంది. చాలాకాలం దాని డిఫాల్ట్ 5.5.30. వెనక 8.0 ఉన్నా గుమ్మం దగ్గర 5.5.30 అనే బోర్డు. హెచ్ఏప్రాక్సీని టీసీపీ మోడ్‌లో పెడితే ఆ గొడవ లేదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టు దాటిస్తుంది. కానీ వెనక మూడు సర్వర్లుంటే ఈసారి ఒకటి, మరోసారి ఇంకొకటి పలుకుతాయి.

పైగా మరియాడీబీలో వెర్షన్ అనే వేరియబుల్‌కి స్టార్టప్‌లో మనకు నచ్చిన విలువ ఇచ్చుకోవచ్చు. మొండి అప్లికేషన్లను బుజ్జగించడానికి అలా పెట్టేవాళ్ళున్నారు.

అందుకే ఒక్క వెర్షన్() తో ఆపొద్దు. ఒకే క్వెరీలో @@హోస్ట్‌నేమ్, @@పోర్ట్, @@వెర్షన్, @@వెర్షన్_కామెంట్ నాలుగూ అడగండి. వెంటనే షో గ్లోబల్ స్టేటస్ లైక్ 'అప్‌టైమ్'. హోస్ట్ పేరు లేని వెర్షన్ నంబర్ ఎవరిదైనా కావచ్చు.

స్టార్‌సెలెక్ట్
ఇంత తతంగం ఎందుకు? పోర్ట్ స్కానర్ ఉంది కదా, ఎన్‌మ్యాప్ -ఎస్‌వీ -పీ 3306 కొడితే అన్నీ అదే చెబుతుంది.

ముడిప్యాకెట్
ఎన్‌మ్యాప్ చదివేది కూడా ఆ పలకరింపు ప్యాకెట్టే. నెట్‌క్యాట్ ఏం చూస్తుందో అదీ అదే చూస్తుంది, కాస్త ముస్తాబు చేసి చూపిస్తుంది, అంతే. అనుమతి లేకుండా స్కాన్ చేస్తే సెక్యూరిటీ వాళ్ళ అలారం మోగడం మాత్రం అదనం.

టేబుల్‌స్కాన్
కొత్త సమస్య. జంప్ హోస్ట్ మీద నెట్‌క్యాట్‌ని 2 సెకన్లకోసారి లూప్‌లో పెట్టాను, వెనక ఒకటికి మించి సర్వర్లుంటే నంబర్ మారుతుందేమో చూద్దామని. మారలేదు, కాసేపు 10.4.32 అనే వచ్చింది. తర్వాత వెర్షన్ రావడం ఆగిపోయింది. ఇప్పుడు "హోస్ట్ ఈజ్ బ్లాక్డ్ బికాజ్ ఆఫ్ మెనీ కనెక్షన్ ఎర్రర్స్" అంటోంది. 127.0.0.1 తో టనెల్‌లోంచి వెళ్ళినా అదే మాట.

పాతటర్మినల్
ఎర్రర్ 1129. మీరే తెచ్చుకున్నారు. నెట్‌క్యాట్ పలకరింపు వినేసి జవాబివ్వకుండా ఫోన్ పెట్టేస్తుంది. సర్వర్ దాన్ని సగంలో తెగిన హ్యాండ్‌షేక్ (మొదటి పరిచయ సంభాషణ)గా లెక్కేస్తుంది. మ్యాక్స్_కనెక్ట్_ఎర్రర్స్ డిఫాల్ట్ 100. ఒకే హోస్ట్ నుంచి మధ్యలో ఒక్క సరైన లాగిన్ కూడా లేకుండా అది దాటితే ఆ హోస్ట్‌కి తలుపు మూసేస్తుంది. ఒక్క లాగిన్ సఫలమైనా లెక్క మళ్ళీ సున్నా అయ్యేది, కానీ మీ లాగిన్లన్నీ ల్యాప్‌టాప్‌కే పోయాయి కదా. 2 సెకన్లకొకటి అంటే మూడున్నర నిమిషాల్లోపే పని పూర్తి.

టనెల్‌కీ అదే జవాబు ఎందుకంటే, సర్వర్ కంటికి టనెల్ ట్రాఫిక్ కూడా జంప్ హోస్ట్ అడ్రస్ నుంచే వస్తుంది.

విప్పడానికి రీలోడ్ హక్కున్నవాళ్ళు వేరే హోస్ట్ నుంచి ఫ్లష్ హోస్ట్స్ కొట్టాలి. మైఎస్‌క్యూఎల్ 8.4లో ఆ కమాండ్ తీసేశారు. అక్కడైతే పెర్ఫార్మెన్స్_స్కీమాలో హోస్ట్_క్యాష్ టేబుల్‌ని ట్రంకేట్ చేయాలి.

రాత్రిషిఫ్ట్
లోడ్ బ్యాలెన్సర్‌లో ఉత్త టీసీపీ హెల్త్ చెక్ (సర్వర్ బతికుందా అని పోర్టు తట్టి చూడటం) పెట్టినా ఇదే గతి. అర్ధరాత్రి అప్లికేషన్ మొత్తం ఆగుతుంది, సర్వర్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. స్కిప్_నేమ్_రిజాల్వ్ ఆన్‌లో ఉన్న సర్వర్లలో హోస్ట్ క్యాష్ (ఈ ఎర్రర్ల లెక్క ఉండే చోటు) వాడరు కాబట్టి ఈ బ్లాక్ పడదు.

ముడిప్యాకెట్
బ్లాక్ అయినా అందులోనూ సమాచారం ఉంది. పలకరింపు బదులు ఎర్రర్ ప్యాకెట్ వస్తే 5వ బైట్ 10 కాదు, ఎఫ్ఎఫ్. తర్వాతి రెండు బైట్లు ఎర్రర్ నంబర్, తిరగేసి: 69 04 అంటే 1129, 6ఏ 04 అంటే 1130, అంటే ఆ హోస్ట్‌కి అసలు అనుమతే లేదు. 1130 మెసేజ్ చివర "దిస్ మైఎస్‌క్యూఎల్ సర్వర్" అనో "దిస్ మరియాడీబీ సర్వర్" అనో ఉంటుంది. నంబర్ దొరకదు గానీ కులగోత్రాలు తెలుస్తాయి.

పోర్టు తెరుచుకుని పలకరింపు మాత్రం పది సెకన్లు ఆలస్యమైతే ప్యాకెట్‌ని తప్పుపట్టకండి. సర్వర్ మీ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీకి తగిన పేరు) వెతుకుతూ ఉంటుంది, అది తేలాకే నోరు విప్పుతుంది.

ఏనుగుబొమ్మ
పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్) వాళ్ళూ ఇది చదువుతారు కాబట్టి చెబుతున్నా: ఈ నెట్‌క్యాట్ విద్య అక్కడ పారదు. పోస్ట్‌గ్రెస్‌లో ముందు మాట్లాడాల్సింది క్లయింట్. 5432కి నెట్‌క్యాట్ కొట్టి ఎంతసేపు కూర్చున్నా సర్వర్ మౌనవ్రతమే. సర్వర్_వెర్షన్ వచ్చేది పాస్‌వర్డ్ సరిపోయాకే. ఎన్‌మ్యాప్ తప్పుడు ప్రోటోకాల్ నంబర్ పంపి, వచ్చిన ఎర్రర్‌లోని సోర్స్ ఫైల్ పేరు, లైన్ నంబర్ చూసి ఊహిస్తుంది. ఊహే.

లాగిన్ ఉంటే మాత్రం దాని క్లయింట్ పీఎస్‌క్యూఎల్ తలుపు దగ్గరే చెప్పేస్తుంది: "పీఎస్‌క్యూఎల్ 15.4, సర్వర్ 12.17". మొదటిది మీది, రెండోది వాళ్ళది. రెండూ ఒకటైతే ఒకే నంబర్ చూపిస్తుంది. చాలామంది ఆ మొదటి నంబర్ రాసుకుని పోతారు.

స్క్రిప్టుల్లో షో సర్వర్_వెర్షన్_నమ్ వాడండి, పూర్ణాంకం వస్తుంది: 150004 అంటే 15.4, 90624 అంటే 9.6.24. వెర్షన్ 10 నుంచి నంబర్ రెండు భాగాలే. 9.6 వరకు మొదటి రెండు భాగాలూ కలిస్తేనే మేజర్. 9.5, 9.6 రెండూ "వెర్షన్ 9" అని ఒకే గడిలో వేశారంటే అప్‌గ్రేడ్ ప్లాన్ గోవిందా.

నంబర్ తప్పుగా తెలుసుకుంటే మొదటి దెబ్బ పీజీ_డంప్ (బ్యాకప్ తీసే టూల్) దగ్గర తగులుతుంది. సర్వర్ మేజర్ వెర్షన్ కన్నా డంప్ టూల్ పాతదైతే "సర్వర్ వెర్షన్ మిస్‌మ్యాచ్" అని ఆగిపోతుంది. టూల్ కొత్తది, సర్వర్ పాతది అయితే ఫరవాలేదు.

నల్‌విలువ
సర్వర్ మెషిన్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ఉంటే ఇదంతా తప్పేది కదా? పోస్ట్‌గ్రెస్ --వెర్షన్ అంటే సరిపోయె.

ఏనుగుబొమ్మ
సరిపోదు. అది డిస్క్ మీదున్న బైనరీ వెర్షన్. ప్యాకేజీ అప్‌డేట్ అయ్యి సర్వీస్ రీస్టార్ట్ కాకపోతే డిస్క్ మీద 15.6, మెమరీలో నడుస్తున్నది 15.4. సెలెక్ట్ వెర్షన్() నడుస్తున్నదాన్ని చెబుతుంది. పీజీ_పోస్ట్‌మాస్టర్_స్టార్ట్_టైమ్() కూడా అడిగి, ఆ తేదీ ప్యాకేజీ అప్‌డేట్ తేదీకి ముందుంటే విషయం అర్థమైనట్టే. డేటా డైరెక్టరీలోని పీజీ_వెర్షన్ ఫైల్ మేజర్ నంబర్ వరకే చెబుతుంది.

బిల్డ్‌నంబర్
మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో @@వెర్షన్ ఒక పేరా అంత వస్తుంది, చివర్లో విండోస్ వెర్షన్ కూడా కలిపి. "2019... ఆన్ విండోస్ సర్వర్ 2016" చూసి 2016 అని రాసుకున్న రిపోర్టులకి కొదవ లేదు. సర్వర్‌ప్రాపర్టీ('ప్రొడక్ట్‌వెర్షన్') వాడండి: 13 అంటే 2016, 14 అంటే 2017, 15 అంటే 2019, 16 అంటే 2022. 'ప్రొడక్ట్‌అప్‌డేట్‌లెవెల్' ఏ క్యుములేటివ్ అప్‌డేటో చెబుతుంది.

కంపాటిబిలిటీ లెవెల్ (డేటాబేస్ ఏ వెర్షన్‌లా ప్రవర్తించాలో చెప్పే సెట్టింగ్) వేరు, కలపొద్దు. 2022 సర్వర్ మీద 130 లెవెల్‌తో డేటాబేస్ హాయిగా నడుస్తుంది. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోది) అయితే ఎప్పుడు అడిగినా 12.0.2000.8 అంటుంది. దాన్ని 2014 అనుకోకండి. 'ఇంజిన్‌ఎడిషన్' 5 వస్తే అది అజూర్.

పాస్‌వర్డ్ లేకున్నా ప్రీలాగిన్ ప్యాకెట్ జవాబులో మేజర్, మైనర్, బిల్డ్ వస్తాయి. యూడీపీ 1434 మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ సర్వీస్ చెప్పే వెర్షన్‌ని మాత్రం ప్యాచ్ లెవెల్ కోసం నమ్మొద్దు.

లిజనర్1521
ఒరాకిల్‌లో ఉచ్చు టీఎన్ఎస్‌పింగ్ (కనెక్షన్ పరీక్షించే టూల్). పైన పెద్ద అక్షరాల్లో వెర్షన్ వేస్తుంది, అది మీ క్లయింట్‌ది. లిజనర్ (కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) చెప్పే వెర్షన్ లిజనర్‌ది, అది డేటాబేస్ హోమ్ (ఇన్‌స్టాల్ అయిన డైరెక్టరీ) నుంచి కాక వేరే హోమ్ నుంచి నడవొచ్చు. వీ$వెర్షన్‌లో బ్యానర్ 19.0.0.0.0 అని మొండిగా ఆగిపోతుంది. 18సీ నుంచి బ్యానర్_ఫుల్ ఉంది, రిలీజ్ అప్‌డేట్ నంబర్ అందులో కనిపిస్తుంది. వీ$ వ్యూలకి హక్కు లేకపోతే ప్రొడక్ట్_కాంపొనెంట్_వెర్షన్ చూడండి, మామూలు యూజర్‌కీ తెరుచుకుంటుంది.

స్టార్‌సెలెక్ట్
నాకు క్లయింటే ఇవ్వరు, జావా అప్లికేషన్ మాత్రమే చేతిలో ఉంటుంది అనేవాళ్ళకి: కనెక్షన్ మెటాడేటాలో గెట్‌డేటాబేస్‌ప్రొడక్ట్‌వెర్షన్ సర్వర్‌ది, గెట్‌డ్రైవర్‌వెర్షన్ మీ జార్ ఫైల్‌ది. లాగ్‌లో రెండూ పక్కపక్కనే వేయండి. (ఈసారి నేను కరెక్టే అనుకుంటా.)

పాతటర్మినల్
ఈసారి వంకలేదు 🙂

నల్‌విలువ
రెడిస్ (మెమరీలో నడిచే డేటాబేస్) సంగతి?

రాత్రిషిఫ్ట్
ఇన్ఫో సర్వర్. పాస్‌వర్డ్ ఉంటే ముందు ఆథ్ కమాండ్. రెడిస్_వెర్షన్ 7.2.4 అని కనిపిస్తే అక్కడే ఆగకుండా కింద కూడా చదవండి. రెడిస్ నుంచి చీలిన వాల్కీ సర్వర్ పాత క్లయింట్ల కోసం ఆ వరసలో 7.2.4 అనే చెబుతుంది, అసలు నంబర్ వాల్కీ_వెర్షన్‌లో ఉంటుంది. మాంగోడీబీ షెల్‌లో కూడా డీబీ.వెర్షన్() సర్వర్‌ది, ఉత్త వెర్షన్() షెల్‌ది.

టేబుల్‌స్కాన్
అడ్మిన్ ఫ్లష్ హోస్ట్స్ కొట్టారు, రెండు మాటలు కూడా అన్నారు. 127.0.0.1 పెట్టి టనెల్‌లోంచి వెళ్ళాను. ఫలితం:

కనెక్షన్: 127.0.0.1 వయా టీసీపీ/ఐపీ
@@హోస్ట్‌నేమ్: అడ్మిన్ చెప్పిన పేరే, నా ల్యాప్‌టాప్ పేరు కాదు
@@పోర్ట్: 3306
@@వెర్షన్: 10.4.32-మరియాడీబీ-లాగ్
అప్‌టైమ్: 19872406

మధ్యలో ప్రాక్సీ లేదని అడ్మిన్ చెప్పారు. డాక్యుమెంట్‌లో 5.7 కొట్టేసి 10.4.32 రాశాను.

ముడిప్యాకెట్
19872406 సెకన్లంటే 230 రోజులు. అన్నాళ్ళుగా ఈ ప్రాసెస్ రీస్టార్ట్ కాలేదు, డిస్క్ మీద ప్యాకేజీ వేరే నంబర్‌లో ఉన్నా ఆశ్చర్యం లేదు. రేపు ఎవరైనా రీస్టార్ట్ చేస్తే ఈ 10.4.32 మీకు చెప్పకుండా మారొచ్చు. ప్లాన్ రాసే ముందు ప్యాకేజీ నంబర్ కూడా అడ్మిన్‌ని అడగండి.

పాతటర్మినల్
10.4 శాఖకి మద్దతు 2024 జూన్‌తోనే ముగిసింది. 5.7 నుంచి 8.0కి అని రాసిన అడుగులు ఇక్కడ పనికిరావు, మరియాడీబీ నుంచి మైఎస్‌క్యూఎల్ 8.0కి డేటా డైరెక్టరీ మీదే నేరుగా ఎక్కడం కుదరదు. గమ్యం 10.11 అనుకుని ఆ గడి మళ్ళీ రాయండి. ల్యాప్‌టాప్ కాపీ పాస్‌వర్డ్ కూడా ఈరోజే మార్చేయండి.

టేబుల్‌స్కాన్
మార్చేశా. ఇప్పుడు పాత కమాండ్ కొడితే యాక్సెస్ డినైడ్ అంటోంది.